చెమట పట్టని చెయ్యి

ఆ వీధిలో ఎవరిని అడిగినా ఎండుచెయ్యి మేస్త్రి కొట్టు చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు, ఆయనే తెచ్చుకున్నాడు. కుర్చీలకు, అద్దాల చట్రాలకు, అల్మారాలకు లోహపు రేకు అతకడం ఆయన పని. ఎదురుగా ఎవరైనా తుమ్మితే ఆ రేకు ఎగిరిపోతుంది, వేలికి తడి ఉంటే చెక్కకు కాకుండా వేలికే అంటుకుంటుంది. అందుకని పనికి వచ్చిన ప్రతి మనిషికీ ఆయన మొదట చెప్పే మాట ఒకటే.

"నా చేతికి చెమట పట్టదు. అది పుట్టుకతో రావాలి. నేర్చుకుంటే వచ్చేది కాదు."

వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని చూసేవాడు. తడి తగిలితే వాళ్ళకు రేకు గది తలుపు మళ్ళీ తెరుచుకునేది కాదు. అలా వెనక్కి పోయినవాళ్ళలో మొదటివాడు సొంత బావమరిది. కుర్రతనంలో పని నేర్చుకుంటానని వచ్చాడు. మొదటి రేకే వేలికి చుట్టుకుంది.

"నీది చెయ్యా, చెలమా? లే" అన్నాడు మేస్త్రి.

బావమరిది లేచాడు. ముందుగదిలో కూర్చుని గరుకుకాగితం పట్టాడు. జుట్టు నెరిసినా అక్కడే ఉన్నాడు. వాడికి తడిచెయ్యి అనే పేరు కూడా మేస్త్రి పెట్టిందే. వాడు దానికి బాధపడిన దాఖలా లేదు. "ఇంటికి ఒక ఎండు, ఒక తడి ఉండాలి బావా, లేకపోతే ఇల్లు పగుళ్ళిస్తుంది" అని నవ్వేవాడు.

మేస్త్రి నవ్వేవాడు కాదు. భార్య ఉన్నప్పుడే అంతంతమాత్రం. ఆవిడ పోయాక నవ్వుతో పాటు పలకరింపు కూడా మానేశాడు. పని మాత్రం మానలేదు.

ఆవిడ పోయిన తరువాత వచ్చింది కోడలు. పటాలు కట్టే కొట్టులో ఇత్తడి రేకు పని నేర్చిన పిల్ల. "వంట మీ అబ్బాయికి నేను నేర్పుకుంటాను, రేకు బల్ల దగ్గర మాత్రం నాకు చోటు కావాలి" అని పెళ్ళికి ముందే మొహం మీద చెప్పింది. మేస్త్రి ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. చెమ్మ తగిలింది. వద్దనబోయాడు. ఆ పిల్ల సంచీలోంచి తెల్లటి నూలు గ్లౌజులు తీసి తొడుక్కుంది. ఆయన కళ్ళముందే ఒక రేకు పరిచింది. ఎక్కడా ముడత లేదు.

"బానే ఉంది, పెళ్ళికూతురి వేషం" అన్నాడు మేస్త్రి. బల్ల దగ్గర చోటు ఇచ్చాడు. దాన్ని మెప్పు అనుకోవాలని ఆమె తరువాత తెలుసుకుంది.

ఇప్పుడు ఆ చోటుకే ముప్పు వచ్చింది.

బట్టలకొట్టు యజమానురాలు కబురు పంపింది. ఆమె కొట్టు గుమ్మం పక్కనే మేస్త్రి ఇంట్లో తయారైన రెండు తలుపుల అల్మారా ఉంది. నిలువెత్తు. లోపల ఎర్రపూత, పైన ఇత్తడి రేకు. పొద్దుటి వెలుతురు పడితే అంచుల దగ్గర ఎరుపు లీలగా తొంగి చూస్తుంది. కొట్టుకొచ్చిన వాళ్ళు బట్టలకంటే ముందు దాన్ని చూస్తారు. ఆమె సంబరపడి పైఅంతస్తుకు కూడా అదే పని కావాలంది. అద్దాలు, పొడవాటి బల్ల, కూర్చునే పీటలు, అన్నీ.

మేస్త్రి, కోడలు వెళ్ళేసరికి ఆమె అల్మారా ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"మేస్త్రి గారూ, చూడండి. ఇది మచ్చా, నాచా?"

ఎడమ తలుపు కింది మూలలో చింతగింజంత ఆకుపచ్చ మరక. మధ్యలో అడ్డంగా వెంట్రుక వాసి గీత. మేస్త్రి వంగి చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి తుడిచాడు. పోలేదు. గోరుతో తట్టాడు.

"మీ గిరాకీల తప్పేం లేదు" అన్నాడు. "వార్నిష్ కింద ఉంది. మా ఇంట్లో పడిందే. రేకు వేసేటప్పుడు చెమట వేలు తగిలింది. పైన వార్నిష్ వేశాం. లోపల ఇన్నాళ్ళూ కూర్చుని పచ్చబడింది."

దాచడం ఆయనకు తెలియదు. ఇంకొకడైతే కొట్టులో తేమ అనో, తుడిచిన గుడ్డ అనో అనేవాడు.

"తీసెయ్యొచ్చా?"

"ఆ మూల గీకి మళ్ళీ వేస్తాం. అదెంత పని?"

"దీనికి సరే" అంది ఆమె. "పైఅంతస్తు సంగతేమిటి? అక్కడ అన్నీ మచ్చలొస్తే నేను ఏ మొహం పెట్టుకుని తెరవను? ఆ వేలు ఎవరిదో నాకు తెలియాలి. ఎవరిదైనా సరే, ఆ చెయ్యి నా సామాను ముట్టకూడదు. కాదంటే ఇంకొకళ్ళను చూసుకుంటాను."

మేస్త్రి క్షణం ఆలోచించలేదు. పక్కనున్న కోడలి వైపు గడ్డం ఊపాడు.

"ఇంట్లో రేకు పట్టే చేతులు రెండు జతలు. నా చేతికి చెమట పట్టదు. ఈ అమ్మాయి ఇక రేకు ముట్టదు. సరేనా?"

కొట్టామె కోడలిని పైకీ కిందికీ చూసింది. బట్టలు మడతపెడుతున్న పనమ్మాయిలు చేతులు ఆపారు. పరాయి కొట్టులో మామగారి మాట కొట్టెయ్యకూడదని కోడలు ఆగింది, చేతకాక కాదు. వంగి ఆ మూలను తీరిగ్గా చూసింది. మచ్చను, గీతను, అది ఉన్న చోటును. తరువాత లేచి గుమ్మం దాటింది.

వ్యాన్ ఎక్కాక మొదలుపెట్టింది. మొగుడు నడుపుతున్నాడు. అటు తండ్రి, ఇటు పెళ్ళాం.

"ఆ మూల నేను వేశాక మీరు మళ్ళీ సర్దారు మామయ్యా."

"నువ్వు అంచు సరిగా నొక్కలేదు. అందుకే సర్దాను."

"దేంతో నొక్కారు?"

"బొటనవేలితో. ఇన్నేళ్ళుగా నొక్కుతున్నట్టే."

"ఆ వేలే అది."

"నా చేతికి చెమట పట్టదని ఊరంతా తెలుసు."

"ఊరు చెప్తే మీ చెయ్యి ఆరిపోతుందా?"

కొడుకు ఎదురుగా ఏ బండీ లేకపోయినా హారన్ కొట్టాడు.

"ఎందుకురా కొడతావు?" అన్నాడు మేస్త్రి.

"ఊరికే నాన్నా. నేనూ ఉన్నానని."

కొట్టుకు చేరాక కూడా మాట ఆగలేదు. తడిచెయ్యి గరుకుకాగితం పక్కన పెట్టి, కుర్చీ కాలు ఒళ్ళో పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాడు. సంగతి తెలిసేసరికి వాడికి పండగ అయింది.

"అయితే ఇంట్లో ఇంకో తడిచెయ్యి తేలిందన్నమాట. రా అమ్మాయ్, నా పక్కన చోటుంది. కాగితం కూడా ఉంది."

"తొందరపడకు బాబాయ్" అంది కోడలు. "ఎవరొస్తారో ఇంకా తేలలేదు."

ఆమె నేరుగా రేకు గదిలోకి నడిచి, రెండు చిన్న పలకలు తెచ్చి మేస్త్రి ముందు పెట్టింది. రెండూ ఎర్రపూత వేసి ఆరినవే.

"మామయ్యా, ఒక పలక మీకు, ఒకటి నాకు. ఇద్దరం ఇత్తడి రేకే వేద్దాం. మీరు మీ పద్ధతిలో, నేను నా పద్ధతిలో. తరువాత మూత ఉన్న తొట్టిలో పెట్టి, పక్కన గిన్నెడు వెనిగర్, అందులో గుప్పెడు ఉప్పు. మేం పటాల కొట్టులో కొత్త ఇత్తడిని పాతగా చెయ్యడానికి అలాగే పెట్టేవాళ్ళం. చెమట తగిలిన చోటే ముందు పచ్చబడుతుంది. నెలల తరువాత వచ్చే మచ్చ రేపటికి వస్తుంది."

"గ్లౌజులు వేసుకుని వేస్తే నీకు మచ్చ ఎందుకొస్తుంది? అల్మారాకు వేసేటప్పుడు తీసేసి నొక్కి ఉంటావు. ఇవాళ ముస్తాబై కూర్చుంటావు."

"అందుకే ఒక మూల ఉత్తి వేలితో నొక్కుతాను, మీ కళ్ళముందే. నాకు చెమట పడుతుంది. నేనెప్పుడైనా కాదన్నానా? నా వేలి మచ్చ ఎలా ఉంటుందో రేపు చూడండి. అల్మారా మచ్చతో పోల్చుకోండి."

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆయనకు ఎదురు మాట్లాడేవాళ్ళంటే పడదు. పందెం కాసేవాళ్ళంటే పడుతుంది.

"అల్మారా పచ్చ నీదైతే?"

"బల్ల దిగుతాను. బాబాయ్ పక్కన కాగితం పడతాను. మళ్ళీ రేకు అడగను." ఆమె చూపు దించలేదు. "మీదైతే?"

"నాదైతే నేనే దిగుతాను." మేస్త్రి అలా అనడానికి ఎంతమాత్రం జంకలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు పోతుందన్న భయం ఉండదు.

"సాక్షి నేను" అన్నాడు తడిచెయ్యి. "అవతలివాడు బావ కాబట్టి ముందే చెప్తున్నా, మాట తప్పితే ఊరంతా దండోరా వేస్తా."

కిటికీలు మూశారు. ఫ్యాన్ ఆపారు. గదిలో గాలి నిలిచింది. మేస్త్రి రెండు పలకలకూ జిగురు పూశాడు. అది ఆయన పనే. పూశాక ముగ్గురూ ఎదురుచూశారు. జిగురు పచ్చిగా ఉంటే రేకు మునుగుతుంది, మరీ ఆరితే అతకదు. మధ్యలో ఒక అదను ఉంటుంది. గడియారం చూసి చెప్పేది కాదు. మేస్త్రి మడిచిన వేలి కణుపు ఆనించి తీశాడు. ఏమీ లేదు. కాసేపాగి మళ్ళీ ఆనించాడు. ఈసారి నాలుక అంగిలికి కొట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది.

"ఊఁ" అన్నాడు.

కోడలు తన కణుపు కూడా ఆనించి చూసింది. ఆమెకు ఆ చప్పుడు వినబడలేదు. ఎప్పుడూ వినబడదు. పైకి అనలేదు.

మేస్త్రి రేకుల పుస్తకం తెరిచాడు. ఉల్లిపొరలాంటి కాగితాల మధ్య ఒక్కొక్క రేకు. రెండు వేళ్ళతో ఎత్తి, గాలిలో ఒక్క క్షణం ఆపి, వదిలాడు. అది తన చోటు తనకు తెలిసినట్టు వెళ్ళి కూర్చుంది. కోడలు ఆయనతో వాదిస్తుంది గానీ, ఆ వదలడం చూసినప్పుడల్లా మాట మరిచిపోతుంది. చివరికి ఆయన మూల దగ్గర బొటనవేలితో నొక్కాడు. ఆ వేలికి పాతకాలం నాటి ఉలి గాటు అడ్డంగా ఉంది.

కోడలు పాత డబ్బాలో నిలబెట్టిన మెత్తటి కుంచె తీసుకుంది. గ్లౌజులు తొడుక్కుని రేకు పరిచింది, కుంచెతో అద్దింది. ఆ తరువాత కుడి గ్లౌజు తీసి, మేస్త్రి కళ్ళలోకి చూస్తూ, ఒక మూల బొటనవేలు నొక్కింది.

"ఇదిగో, సంతకం" అంది.

రెండు పలకలనూ తొట్టిలో ఇటుకల మీద పెట్టారు. పక్కన వెనిగర్ గిన్నె. మూత వేసి దానిమీద రంగు డబ్బా బరువు పెట్టారు.

"మూత తీస్తే ఎవరు తీశారో నాకు తెలుస్తుంది" అన్నాడు మేస్త్రి.

"నీకు అన్నీ తెలుస్తాయి బావా" అన్నాడు తడిచెయ్యి.

మర్నాడు పొద్దున్న టీ కూడా తాగకుండా మేస్త్రే మూత తీశాడు. ఘాటు ముక్కుకు కొట్టింది. కోడలి పలక ముందు బయటకు తీశాడు. పలకంతా నిగనిగలాడుతోంది, ఆమె చెప్పిన మూలలో తప్ప. అక్కడ సన్నగా, పొడవుగా, చిక్కుడుగింజలా పచ్చటి వేలిముద్ర. ఆమె చెప్పినట్టే.

రెండో పలక తీశాడు.

మూలలో చింతగింజంత మచ్చ. వెడల్పుగా ఉంది. మధ్యలో అడ్డంగా, వెంట్రుక వాసి, పచ్చబడని గీత.

మేస్త్రి పలకను వెలుతురులోకి తిప్పాడు. తన బొటనవేలిని దాని పక్కన పెట్టి చూశాడు. గాటూ, గీతా ఒకటే వరసలో ఉన్నాయి. మచ్చ అంతటితో ఆగలేదు. రేకును ఎత్తిన అంచు దగ్గర రెండు వేళ్ళ చుక్కలు కూడా లేచాయి. వేలు తగిలిన ప్రతిచోటా పచ్చబడింది.

"వెనిగర్ తేడా" అన్నాడు.

"రెండూ ఒకే తొట్టిలో ఉన్నాయి మామయ్యా."

"ఇత్తడి రేకు ఇవాళ కొత్తగా పట్టానా? కొట్టు పెట్టిన దగ్గర్నించీ వేస్తున్నాను. సింహాసనాలంత కుర్చీలు వేశాను. ఒక్క మచ్చ వచ్చిందా? ఒక్కడు వచ్చి అడిగాడా?" ఆయన తడిచెయ్యి వైపు తిరిగాడు. "చెప్పరా, వచ్చిందా?"

"రాలేదు" అన్నాడు తడిచెయ్యి.

"మరి ఇప్పుడెలా వచ్చింది?"

నోట్లో నువ్వుగింజ నానని తడిచెయ్యి తల గోక్కున్నాడు. తరువాత రేకు గదిలోకి వెళ్ళి, కోడలి కుంచెలున్న డబ్బా తెచ్చాడు. కుంచెలు తీసి బల్లమీద పరిచాడు. తుప్పు పట్టిన ఆ రేకు డబ్బాను మేస్త్రి చేతిలో పెట్టాడు.

"ఇది గుర్తుందా బావా?"

"మీ అక్క పౌడరు డబ్బా. మెడకు చెమటపొక్కులని రాసుకునేది."

"మెడకు ఎప్పుడైనా రాసుకోగా చూశావా?"

మేస్త్రి డబ్బాను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

ఆవిడ ఆయనకు ఎదురుగా కూర్చునేది. రేకుల పుస్తకాలు అందించడం ఆవిడ పని. ఒక పుస్తకం అయిపోయి ఇంకొకటి ఇచ్చేటప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకునేది. ఒడిలో ఉన్న గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడిచేది. గుడ్డ తెల్లగా ఉండేది, కొంచెం వాసన వేసేది. పని మధ్యలో చెయ్యి పట్టుకోవడం ఏమిటని ఆయన విసుక్కునేవాడు. "ఎవరైనా చూస్తే నవ్విపోతారే" అనేవాడు. "నవ్వనీ" అనేది ఆవిడ. వేలికి జిగురు అంటిందని తుడుస్తోందని ఒక్కోసారి అనుకునేవాడు. ముద్దుకు పట్టుకుంటోందని ఒక్కోసారి అనుకునేవాడు. అలా అనుకున్న రోజు విసుగు తక్కువగా ఉండేది.

"నీ చేతికి అందరికంటే ఎక్కువ చెమట బావా" అన్నాడు తడిచెయ్యి. "నాకంటే ఎక్కువ. అంటుకునేలోపే వదిలే నేర్పు ఉంది కాబట్టి రేకు నీ వేలికి చుట్టుకోదు, అంతే. పెళ్ళైన కొత్తలోనే అక్క కనిపెట్టింది. నన్ను నువ్వు లేపేసిన రోజు అడిగాను, ఆయన చెయ్యీ తడేగా, ఆయన్ని ఎవరు లేపుతారని. నోరు మూసుకోమంది. ఆ మనిషికి ఉన్నది ఆ ఒక్క గర్వమే, అది పోతే పని కూడా పోతుంది, నేను ఉన్నంతకాలం తుడుస్తాలే అంది."

"నువ్వూ చెప్పలేదు."

"అక్క మాట. పైగా చెప్తే నువ్వు వినేవాడివా? నన్నే ముందుగదిలోంచి కూడా లేపేసేవాడివి."

మేస్త్రి డబ్బాలోకి చూశాడు. అడుగున కుంచె గుర్తులు తప్ప ఏమీ లేదు. ఆవిడ పోయాక కొట్టుకు వచ్చినవన్నీ మేలిమి బంగారపు రేకు పనులే. బంగారం పచ్చబడదు, దానికి చెమట పట్టింపు లేదు, ఎవరు ముట్టినా ఊరుకుంటుంది. చాన్నాళ్ళకు వచ్చిన మొదటి ఇత్తడి పని ఆ అల్మారా. ఇత్తడి ఊరుకోలేదు.

"మోసం" అన్నాడు. "ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని మోసం చేసింది."

"మోసమే" అన్నాడు తడిచెయ్యి. "కాదని నేనంటున్నానా? కమ్మగా తిన్నావుగా, ఆ మోసం మీద."

ఇంకొకడు ఆ మాట అని ఉంటే ఆ కొట్టులో మళ్ళీ అడుగు పెట్టేవాడు కాదు. మేస్త్రి వాడిని ఏమీ అనలేదు. వాడిని క్షమించాడని కాదు. ఆయన ఎవరినీ క్షమించే రకం కాదు, పోయిన మనిషిని కూడా. వరసలో ఇప్పుడు ఇంకొకడు చేరాడు, తానే, ముందు వాడి సంగతి చూడాలి. అంతే.

డబ్బా బల్లమీద పెట్టాడు. రేకు గదిలోకి వెళ్ళి తను కూర్చునే పీట తీసుకున్నాడు. కూర్చుని కూర్చుని నడుమ గుంట పడ్డ పీట. చంకలో పెట్టుకుని ముందుగదిలోకి వచ్చి, తడిచెయ్యి పక్కన నేలమీద వేశాడు. కూర్చున్నాడు.

"కాగితం ఇటు తే" అన్నాడు.

తడిచెయ్యి కాగితం ఇవ్వబోయి కోడలి వైపు చూశాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. వద్దులే మామయ్యా, పోనీలే మామయ్యా అని ఆమె అనలేదు. ఆ మాటల కోసం ఆయన దిగలేదని ఆమెకు తెలుసు. అంటే తిట్టేవాడు.

"పీట అక్కడే ఉండనీండి" అంది. "పందెం పందెమే. రేకు మీరు ముట్టరు. జిగురు మాత్రం మీరే పుయ్యాలి."

"ఎందుకు? నీకు చేతులు లేవా?"

"ఉన్నాయి. కణుపుకు ఆ చప్పుడు తెలియడం లేదు. ఇన్నాళ్ళూ మీరు ఊఁ అంటేనే వేస్తున్నాను."

మేస్త్రి తల ఎత్తాడు. "తెలియదని ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటే చెయ్యి విరగదు మామయ్యా."

తడిచెయ్యికి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. "బావా, ఇంత తేలాక నాకూ ఒక పౌడరు డబ్బా కొనిపెట్టు. నేనూ లోపలికి వచ్చేస్తా."

"నీకు డబ్బా చాలదురా" అన్నాడు మేస్త్రి గరుకుకాగితం మడుస్తూ. "బస్తా కావాలి."

ఆవిడ పోయాక ఆ కొట్టులో ఆయన వేసిన మొదటి జోకు అది. వేసినవాడికి తెలియలేదు. మిగతా ఇద్దరికీ తెలిసింది గానీ పైకి అనలేదు.

ఆ మధ్యాహ్నమే కోడలు బట్టలకొట్టుకు వెళ్ళి అల్మారా మూల గీకి, పచ్చ వదిలించి, ఎర్రపూత వేసి వచ్చింది. మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. కొట్టామె కోడలి చేతిలో రేకుల పుస్తకం చూడగానే ముఖం మాడ్చుకుంది.

"మేస్త్రి గారూ, ఈ అమ్మాయి ముట్టదని మీరే చెప్పారు."

"చెప్పాను" అన్నాడు మేస్త్రి. "తప్పు చెప్పాను."

ఆయన కుడి బొటనవేలు ఆమె ముందు పెట్టాడు.

"మచ్చలో గీత ఉంది, చూశారు కదా? ఇదీ ఆ గీత. ఆ వేలు నాది. మీ మాట ప్రకారం ఈ చెయ్యి మీ రేకు ముట్టదు, ఇక్కడా, పైఅంతస్తులోనూ. రేకు ఈ అమ్మాయి వేస్తుంది. జిగురు నేను పూస్తాను. అది కూడా వద్దంటే చెప్పండి, మూల పూర్తిచేసి ఇద్దరం వెళ్ళిపోతాం."

ఆమె ఆ వేలిని చూసింది. మొన్న చేతులు ఆపిన పనమ్మాయిలు ఇవాళ కూడా ఆపారు. మొన్న ఎంతమంది విన్నారో ఇవాళ అంతమందీ వినాలని మేస్త్రి గొంతు ఏమీ తగ్గించలేదు.

"మీ చేతికి చెమట పట్టదన్నారు?"

"అన్నాను."

ఇంకా ఏదైనా చెప్తాడేమోనని ఆమె చూసింది. చెప్పలేదు. పౌడరు డబ్బా సంగతి ఆమెకు ఎందుకు? అది ఇంటి సంగతి.

"సరే, మొదలుపెట్టండి" అంది.

ఫ్యాన్లు ఆపించాడు. గుమ్మం మూయించాడు. గిరాకీలు బయట నిలబడితే "నిలబడనీండి" అన్నాడు. మూలకు జిగురు పూసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. కణుపు ఆనించాడు. మళ్ళీ ఆగాడు. కొట్టామె రెండుసార్లు గడియారం చూసింది. ఆయన చూడలేదు.

"అమ్మాయ్, ఇటు రా" అన్నాడు. "నీ కణుపు పెట్టు. చెవితో వినకు. ఎముకతో విను."

కోడలు గ్లౌజు తీసి కణుపు ఆనించింది. కళ్ళు మూసుకుంది. తీసింది. ఆమె ముఖం మారింది.

"వచ్చింది" అంది.

"ఊఁ."

ఆమె కణుపును గుడ్డతో తుడుచుకుని గ్లౌజు తొడుక్కుంది. రేకు ఎత్తింది. గాలిలో ఒక్క క్షణం ఆపి, వదిలింది. ఆయన లాగే. అది వెళ్ళి తన చోట కూర్చుంది. కుంచెతో అద్దింది. మిగులు తునకలు దులిపింది. పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు ఎక్కడుందో వేసినవాళ్ళకు తప్ప తెలియదు. అంచు ఒకచోట కొంచెం లేచింది. మేస్త్రి బొటనవేలు అలవాటు కొద్దీ ముందుకు వెళ్ళింది. దారిలో ఆగింది. ఆయన ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని వెనక్కి తీసుకున్నాడు. కోడలు చూసింది, చూడనట్టు ఆ అంచును కుంచెతో అద్దింది.

కొట్టామె దగ్గరికి వచ్చింది. ముఖం విచ్చుకుంది.

"అయ్యో, నిన్నటి వరకూ ఇక్కడ మచ్చ ఉందంటే ఎవరూ నమ్మరు" అంటూ వేలు చాచింది.

"ముట్టకండి" అన్నాడు మేస్త్రి.

"ఊరికే, ఎలా ఉందో చూద్దామని..."

"కళ్ళతో చూడండి. వార్నిష్ వేసేవరకూ ఎవరూ ముట్టకూడదు. చెమట పచ్చబడుతుంది."

"నా చేతికి చెమటేమిటండీ? చూడండి, ఎంత పొడిగా ఉందో."

మేస్త్రి ఆ చెయ్యి వంక చూడనైనా చూడలేదు. జిగురు డబ్బా మూత బిగిస్తున్నాడు.

"పడుతుందమ్మా" అన్నాడు. "అందరికీ పడుతుంది."